రెండుసార్లు మార్చిన కంప్రెషర్

నేను ముప్పై నాలుగేళ్ళు బండ్ల కింద వెల్లకిలా పడుకుని బతికాను. ఇప్పుడు మంచం మీద పడుకుంటే పైన ఇంజను కనబడక నిద్ర పట్టడం లేదని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతోంది. అందులో నిజం లేదు. నిద్ర బాగానే పడుతోంది. మెలకువ రాగానే చెయ్యి పానా కోసం తడుముతుంది, అంతే.

మా నాన్న సాలూరు వైపు నుంచి కిరండూల్ ఇనుప కొండల్లో పనికి వచ్చాడు. నేను అక్కడి క్వార్టర్లలో పుట్టాను. పేరు సింహాచలం. ఈ ప్రాంతంలో హిందీ మాట్లాడే నోళ్ళకి అది కొంచెం పెద్ద ముద్ద, అందుకని చిన్నప్పుడే చలం అయిపోయాను. బీజాపూర్ బస్టాండు వెనక సాహూజీ షెడ్డులో మిస్త్రీగా చేరి, పోయిన ఏడాది అక్కడే మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. ఏ స్కానర్ మంచిది, ఏ బండికి ఏ ఆయిలు అని అడుగుతారు. అవన్నీ ఫోనులో దొరుకుతాయి. ఫోనులో దొరకనిది నా దగ్గర ఒకటే ఉంది. నేను చేసిన ఒక వెధవ పని. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

గాలి మీద నిలబడే బండ్లు

మామూలు బండికి చక్రానికీ బాడీకీ మధ్య ఇనుప స్ప్రింగు ఉంటుంది. గొప్పవాళ్ళు కొనే బండ్లలో స్ప్రింగు బదులు రబ్బరు సంచి ఉంటుంది. అందులోకి గాలి ఎక్కిస్తే బండి లేస్తుంది, వదిలితే కూర్చుంటుంది. ఆ గాలిని పంపేది కంప్రెషర్. రెండు గుప్పిళ్ళంత మోటారు, పక్కన తేమ పీల్చుకునే గింజలున్న డబ్బా. అక్కణ్ణుంచి నాలుగు సంచులకీ పెన్ను రీఫిల్ కంటే కొంచెం లావుపాటి నైలాన్ గొట్టాలు వెళతాయి. ఇంతకంటే పెద్ద విద్య ఏమీ లేదు.

కంప్రెషర్ బతుకు ఎలాంటిదంటే, చిల్లి కుండ ఇచ్చి నీళ్ళు నింపమంటే కొత్త కోడలు పడే పాటు లాంటిది. కుండ ఎందుకు నిండడం లేదో ఎవరూ చూడరు. తప్పంతా కోడలిదే. తోడి తోడి ఆ పిల్ల ఒకరోజు కూలబడుతుంది. అప్పుడు పెద్దలు కూర్చుని ఆలోచించి ఇంకో కోడల్ని తెస్తారు. కుండ అదే.

కాలిపోయిన కంప్రెషర్లు నా చేతుల మీదుగా చాలా వెళ్ళాయి. వాటిలో తమంతట తాము చెడినవి చాలా తక్కువ. కొన్నింటిని మన ఎర్ర దుమ్ము చంపింది. కొన్నింటిలో వానాకాలపు తేమకి లోపలి గింజలు ముద్దయ్యాయి. మిగిలిన వాటన్నిటికీ ఎక్కడో ఒక చోట గాలి పోతూ ఉండేది. సంచికి పగులు, గొట్టానికి చీలిక, మూతి దగ్గర వదులు. గాలి పోతుంటే కంప్రెషర్ ఆగదు. ఆగకపోతే కాలుతుంది.

రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. కంప్రెషర్ మార్చినప్పుడు దానికి కరెంటు ఇచ్చి ఆపే రిలే కూడా మార్చండి. పాత రిలే అతుక్కుపోయి ఉంటే కొత్త మోటారుని రాత్రికి రాత్రే మాడ్చేస్తుంది. ఇక గాలి మీద నిలబడ్డ బండి కిందికి స్టాండు పెట్టకుండా దూరకండి. బండి కూర్చోవాలనుకున్నప్పుడు కింద ఎవరున్నారో చూసుకోదు.

సాహూజీ

మా ఉస్తాద్ సాహూజీది రాజనాంద్‌గావ్ వైపు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. షెడ్డు గేటు దగ్గర పాత జీపు సీటొకటి వేసుకుని కూర్చునేవాడు. వచ్చిన బండి లోపలికి రాకముందే దాని చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. సగం సార్లు తప్పు చెప్పేవాడు. ఆ సగం సంగతి షెడ్డులో ఎవరమూ బయట చెప్పేవాళ్ళం కాదు.

ఆయన షెడ్డులో ఒక చట్టం ఉండేది. సబ్బు నీళ్ళు పుయ్యకుండా కంప్రెషర్ పోయిందన్న మాట ఎవరూ అనకూడదు. గిన్నెలు తోమే సబ్బుని నీళ్ళలో గిలక్కొట్టి, ఆ నురగని గాలి వెళ్ళే ప్రతి అతుకు మీదా, ప్రతి గొట్టం మీదా బ్రష్షుతో పుయ్యాలి. గాలి పోతుంటే అక్కడ బుడగ లేస్తుంది. దీనికి గడ్డం గీసుకునే బ్రష్షు అంత బాగా మరేదీ పనిచెయ్యదని ఆయన నమ్మకం. ఆయన గడ్డం పెంచింది ఈ గాలి బండ్లు షెడ్డుకి రావడం మొదలైన తరవాతే. సబ్బు మాత్రం వాళ్ళావిడ వంటింట్లోది. ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో దాచేది. ఈయన వెతికి తెచ్చేవాడు.

బండికి తగిలిస్తే లోపం చూపించే స్కానర్ని ఆయన జ్యోతిషీ అనేవాడు. ముట్టుకునేవాడు కాదు. అందులో ఆయనదే తప్పు. ఆ మొండితనం వల్ల మంచి బండ్లు చాలా జగదల్‌పూర్ వెళ్ళిపోయాయి. కోపం కూడా ఎక్కువ. ఒకసారి నేను ఒక కారు లోపలి అట్ట విప్పుతూ ప్లాస్టిక్ క్లిప్పులు రెండు విరగ్గొడితే రెండు రోజులు తిట్టాడు. మూడో రోజు ఊరికే వచ్చిన పోస్టుమ్యాన్‌కి కూడా ఆ క్లిప్పుల సంగతి చెప్పాడు. ఈ క్లిప్పుల తిట్లు నేను ముందు చెప్పబోయే దానికి ఒక కారణం. పూర్తి కారణం కాదు.

నర్సయ్య కారు

నర్సయ్య తునికాకు ఠేకేదారు, బీడీ ఆకు గుత్తకి పట్టేవాడు. సొంత ఊరు ఆవపల్లి. బీజాపూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. తల్లి మాత్రం పొలం వదిలి రానని ఆవపల్లిలోనే ఉండేది. తోటి ఠేకేదారు ఒకడు పెద్ద జీపు కొన్నాడని, ఈయన హైదరాబాద్ వెళ్ళి ఒక విదేశీ కారు తెచ్చాడు. తెల్లది, చాలా ఎత్తైనది, ఇంకొకరు వాడి వదిలినది. అప్పటికి బీజాపూర్‌లో గాలి సంచుల మీద నిలబడే సొంత కారు అదొక్కటే, మిగతావి బయటి ఊళ్ళ నుంచి వచ్చేవి. వారం వారం ఆ కారులో తల్లిని చూడ్డానికి వెళ్ళేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ డిక్కీలో ఇప్పపువ్వు, చింతపండు, బియ్యం సర్దేది. అంత కారులో ఇప్పపువ్వు వాసనేమిటని ఆయనకి సిగ్గు. తల్లికి ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం లేదు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఆ కారు మా షెడ్డుకి వచ్చింది. ముందు భాగం పైకి లేచి ఉంది. వెనక భాగం నేలకి అంటుకుని ఉంది. వెనక కాళ్ళు మడిచి, ముందు కాళ్ళు మడవడం మరిచిపోయిన బర్రెలా ఉంది.

సాహూజీ ఆ వారం మేనకోడలి పెళ్ళికి జగదల్‌పూర్ వెళ్ళాడు. షెడ్డుకి నేనే పెద్దని. స్కానర్ పెట్టాను. కంప్రెషర్ మితిమీరి తిరిగింది, వేడెక్కింది అని చూపించింది. చేత్తో ముట్టుకుంటే నిజంగానే కాలుతోంది. సబ్బు నీళ్ళు నాకు గుర్తు రాకపోలేదు. వచ్చాయి. కానీ అవి స్కానర్ లేని కాలపు సంగతులని అనిపించింది. నా దగ్గర స్కానర్ ఉంది, ఉస్తాద్ లేడు, బస్టాండు జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. మనిషి తప్పు చెయ్యడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

హైదరాబాద్‌లోని ఒక విడిభాగాల దుకాణం నుంచి కొత్త కంప్రెషర్ బస్సులో తెప్పించాను. డిక్కీ అడుగున, స్టెప్నీ చక్రం పక్కనే దాని చోటు. పాతది తీసి కొత్తది బిగించి బండి స్టార్ట్ చేశాను. వెనక భాగం మెల్లగా, పెద్దమనిషి లేచినట్టు లేచింది. టీ కొట్టతను గ్లాసులు కడగడం ఆపి చూశాడు. నర్సయ్య నా భుజం తట్టి, పదిమంది వినేలా మెచ్చుకున్నాడు. ఆ పూట నేను ఇంటికి నడిచి వెళ్ళిన తీరు చూసి మా ఆవిడ, నడుం పట్టేసిందా అని అడిగింది.

అవ్వ

వారం తిరక్కుండా నర్సయ్య తల్లి మా షెడ్డుకి వచ్చింది. కళ్ళు చూపించుకోవడానికి కొడుకు పట్నం తెచ్చాడు. రెండు కళ్ళకీ పొర కమ్మిందనీ, ముందు కుడి కంటికి ఆపరేషన్ చేస్తామనీ డాక్టరు చెప్పాడట. ఆ కంటి డాక్టరు బయటి ఊరి నుంచి నెలకొకసారి వస్తాడు, ఆ ఒక్క పూట ఆపరేషన్లు చేసి వెళ్ళిపోతాడు. తరవాతి రాకకి ఈవిడ పేరు రాసుకున్నారు. పొర ముదిరిపోయింది, ఈసారి తప్పకూడదని గట్టిగా చెప్పి పంపాడట.

అందరూ ఆవిడని అవ్వ అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ కారు లోంచే నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏంది మిస్త్రీ, మంచిగ కూసున్న బండిని ఎందుకు లేపినవ్?"

అది చెడిపోయి కూర్చుందనీ, ఇప్పుడు బాగైందనీ చెప్పాను.

"కూసున్నప్పుడే బాగుండె. మంచం మీద కూసున్నట్టు ఎక్కిన. ఇప్పుడు నన్ను ఇద్దరు వట్టి బియ్యం బస్తా లెక్క ఎత్తుతున్నరు."

నేను నవ్వాను. నర్సయ్య నవ్వాడు. షెడ్డంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆవిడ చెప్పింది ఫిర్యాదు అని మాలో ఒక్కడికీ తోచలేదు.

ఆ తరవాత పదిహేను రోజులకి కారు మళ్ళీ కూర్చుంది.

ఈసారి సాహూజీ గేటు దగ్గరే ఉన్నాడు. నర్సయ్య దిగగానే, ఆయన బండి వైపు చూడకుండా నా వైపు చూశాడు. పోయినసారి సబ్బు పూశావా అని అడిగాడు. పూయలేదని చెప్పాను. అంతవరకు నిజమే చెప్పాను, అది గమనించాలి. ఆయన గిన్నే బ్రష్షూ నా చేతిలో పెట్టి, గాలి వెళ్ళే చోటల్లా పుయ్యమని లోపలికి పంపాడు.

పూశాను. నాలుగు సంచుల మీదా పూశాను. కిందనున్న అతుకులన్నిటి మీదా పూశాను. ఒక్క బుడగ లేవలేదు. ఇక మిగిలింది డిక్కీ కుడిపక్క అట్ట వెనక, కంప్రెషర్ నుంచి వెనక సంచులకి వెళ్ళే గొట్టం. అది చూడాలంటే అట్ట విప్పాలి. అట్టకి పది క్లిప్పులు. మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు. డిక్కీలో ఇప్పపువ్వు బస్తా చినిగి, పువ్వు కింద పరిచిన పరుపంతా అంటుకుపోయింది. తల లోపల పెడితే ఒక గ్లాసు సారా తాగినట్టు తిరుగుతోంది. అన్ని అతుకులూ బాగున్నప్పుడు, ఎవరూ ముట్టుకోని గొట్టానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

బయటికి వచ్చాను. "అన్నీ చూశావా?" అని సాహూజీ అడిగాడు.

"అన్నీ చూశాను ఉస్తాద్."

వృత్తిలో నేను ఆడిన అబద్ధాలు ఇంకా ఉన్నాయి. రేపు ఇచ్చేస్తామని చెప్పి ఎల్లుండి ఇచ్చినవి, అలాంటివి. అవి లెక్కలోకి రావు, గిరాకీలు కూడా వాటిని నమ్మరు. ఇది వేరు. ఆయన నమ్మాడు. నమ్మి, అయితే ఆ కొత్త కంప్రెషరే లోపం ఉన్న మాలు అని తేల్చాడు. నేను హైదరాబాద్ దుకాణానికి ఫోను చేసి, చెడ్డ మాలు అంటగట్టారని గొంతు పెంచి మాట్లాడాను. అక్కడి పెద్దాయన క్షమించమని చెప్పి ఇంకొకటి పంపాడు. మూడో కోడలు వచ్చింది. కుండ అదే.

నాకా దగ్గర

ఆపరేషన్ రోజు దగ్గరపడింది. నర్సయ్య ఒక పొద్దున షెడ్డుకి వచ్చి, కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"చలమన్నా, రేపు ఆవపల్లికి నువ్వు నాతోటి రా. అవ్వను తీస్కరావాలె. దారిల బండి కూసుంటే నువ్వే లేపాలె."

నమ్మకం పోయిన గిరాకీ తిట్టడు. ఇలా మర్యాదగా మాట్లాడతాడు. తిడితేనే నయం.

మర్నాడు తెల్లవారగానే బయలుదేరి ఆవపల్లి వెళ్ళాం. అవ్వ స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉంది. ఆవిడ పక్కన ఒక ఇప్పపువ్వు మూట కూడా ఉంది. అదెందుకని నర్సయ్య అడిగాడు. డాక్టరు దగ్గరికి ఒట్టి చేతులతో పోతామా అని ఆవిడ అడిగింది. మూట డిక్కీలోకి వెళ్ళింది. తరవాత అవ్వని చెరో పక్కా పట్టుకుని కారులోకి ఎత్తాం. ఎత్తుతున్నంతసేపూ ఆవిడ నన్ను తిడుతూనే ఉంది. బండిని లేపినవాడి చేతులు పడిపోవాలంది. ఆ చేతులే అప్పుడు ఆవిడని పట్టుకుని ఉన్నాయి.

సగం దూరం బాగానే వచ్చాం. జవాన్లు బాంబుల కోసం బండ్లు తనిఖీ చేసే నాకా దగ్గర మామూలుగా ఆపారు. ముందు రెండు జీపులు, వెనక సైకిళ్ళ మీద సంతకి పోయే జనం. మా వంతు వచ్చింది. జవాను కిటికీ దగ్గరికి వచ్చి కాగితాలు చూస్తున్నాడు. అప్పుడు కారు వెనక భాగం, ఎవరూ ముట్టుకోకుండా, ఆయన కళ్ళ ముందే మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "గాడీ క్యోఁ బైఠ్ రహీ హై?" అని అడిగాడు. బండి ఎందుకు కూర్చుంటోందని.

నర్సయ్య కంగారులో గాలి పోయింది సాబ్ అన్నాడు. జవాను వంగి నాలుగు టైర్లూ చూశాడు. నాలుగూ గుమ్మటాల్లా ఉన్నాయి. ఇక అక్కణ్ణుంచి మేము ఏం చెప్పినా అబద్ధంలాగే వినిపించింది. గాలి టైర్లలో కాదు, సంచుల్లో అని నేను చెప్పాను. సంచుల్లో ఏముంది అని ఆయన అడిగాడు. గాలి అన్నాను. గాలిని సంచుల్లో వేసుకుని ఎక్కడికి తీసుకెళుతున్నారని ఆయన మొహంలో ప్రశ్న. ఆయన్ని తప్పు పట్టను. వెనక భాగం అలా దిగబడ్డ బండిలో ఏదో బరువు దాచారనే ఎవరైనా అనుకుంటారు.

అందరినీ దిగమన్నారు. అవ్వ తలుపు తెరిచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, హాయిగా కాళ్ళు కింద పెట్టి దిగింది. ఇప్పుడు ఎంత సుఖంగ ఉందో సూడు అని నాతో అంది.

కుక్కని తెచ్చారు. అది కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఇప్పపువ్వు మూటని వాసన చూసి వదిలేసింది. తరవాత డిక్కీ కుడిపక్క అట్టకి ముక్కు ఆనించి, కాళ్ళతో గీరడం మొదలుపెట్టింది. దాన్ని పట్టుకున్నతను చెయ్యి ఎత్తాడు. అంతే, జనాన్నంతా దూరం జరిపారు. పెద్ద అధికారి ఒకరు లోపలినుంచి వచ్చారు. ఆ అట్ట వెనక ఏముందో నర్సయ్యకి తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకోవలసిన వాణ్ణి నేనే. అన్నీ చూశానన్నవాణ్ణి.

నేను ముందుకు వెళ్ళి, మిస్త్రీనని చెప్పి, అది విప్పేది నేనేననీ, లోపల గొట్టం తప్ప మరేమీ ఉండదనీ అధికారికి చెప్పాను. ఆయన సరే అన్నాడు. ఒక్కో క్లిప్పూ లాగాను. మొదటిది విరిగింది. రెండోది విరిగింది. నాలుగోది కూడా విరిగాక ఇక లెక్కపెట్టలేదు. అట్ట ఊడి వచ్చింది.

వెనక ఒక గూడు ఉంది. పరుపు పీచు, కాగితం ముక్కలు, వాటి నిండా ఎండు ఇప్పపువ్వు. అందులోంచి ఒక ఎలుక లేచింది. రోజూ కడుపునిండా తిని పందికొక్కంత అయింది. అది అధికారి బూట్ల మధ్యనుంచి దూకింది. కుక్క దాని వెంట దూకింది. తాడు పట్టుకున్నతను కుక్క వెంట వెళ్ళాడు, కొంత దూరం కాళ్ళ మీద, మిగతాది పొట్ట మీద. సైకిళ్ళవాళ్ళు నవ్వకూడదని చాలా ప్రయత్నం చేశారు. ముందు అధికారే నవ్వాడు.

నేను గొట్టం చూశాను. కొస దగ్గర సగానికి కొరికేసి ఉంది. బండి స్టార్ట్ చెయ్యమన్నాను. కంప్రెషర్ గుర్రుమంది, గొట్టం సుయ్‌మంది. సబ్బు నీళ్ళు అక్కర్లేదు, నాకా మొత్తం విన్నది. అదేమిటని అధికారి అడిగాడు.

"మేరీ గల్తీ హై, సాబ్" అన్నాను. నా తప్పు అని.

ఆయనకి అర్థం కాలేదు. ఎలుకది కదా తప్పు అన్నట్టు చూశాడు. నర్సయ్యకి అర్థమైంది.

గొట్టం కావలసినదానికంటే కొంచెం పొడుగ్గా ఉంది. బండి ఆపించి, గాలి పోనిచ్చి, జవాను దగ్గర పదునైన కత్తి అడిగి తీసుకున్నాను. కొరికిన ముక్కని అడ్డంగా తిన్నగా కోసి, మిగిలిన కొసని దాని మూతిలో మళ్ళీ బిగించాను. అయిదు నిమిషాల పని. కానీ కంప్రెషర్ వేడెక్కి మొరాయించింది. చల్లారేదాకా అది తిరగదు. డాక్టరు పన్నెండింటికి వెళ్ళిపోతాడు. నర్సయ్య రోడ్డు మీద అటూ ఇటూ నడిచాడు. నేను డిక్కీలో తలపెట్టి అట్టముక్కతో కంప్రెషర్‌కి విసురుతూ కూర్చున్నాను, జ్వరం వచ్చిన పిల్లకి విసిరినట్టు.

అవ్వకి జవాను ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. టీ ఇచ్చాడు. ఆవిడ ఆయన్ని ఏ ఊరు, పిల్లలెందరు అని తెలుగులో అడిగింది. ఆయన హిందీలో ఏదో చెప్పాడు. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క తెలియదు. అయినా అరగంట మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు ఆవిడ ఆయన తలమీద చెయ్యి పెట్టింది.

చివరికి కంప్రెషర్ తిరిగింది. కారు లేచి నిలబడి, నిలబడే ఉంది. అవ్వ దాని వైపు ఆ పొర కమ్మిన కళ్ళతో చూసి, మళ్ళ లేపినవా అంది. గొంతులో కోపం లేదు, ఓడిపోయినట్టు ఉంది. అప్పుడు వెలిగింది నాకు. గేరు పక్కన కింది వైపు బాణం గుర్తున్న ఒక మీట ఉంటుంది. సామాను ఎక్కించడానికి బండిని కావాలని దించే మీట. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. నొక్కాను. కారు జానెడు కిందికి దిగి ఆగింది. అవ్వ చేత్తో సీటు తడిమి చూసుకుని, తనంతట తాను ఎక్కి కూర్చుంది.

నర్సయ్య ఆ మీటని చూశాడు. "డిక్కీ తెరిచే స్విచ్చి ఖరాబైంది అనుకున్న" అన్నాడు. బండి కొని రెండేళ్ళు.

మేము వెళ్ళేసరికి డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. నర్సయ్య ఏం చెప్పి బతిమాలాడో నాకు వినబడలేదు. ఎలుక అన్న మాట మాత్రం వినబడింది. డాక్టరు మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పపువ్వు మూటని నర్సు లోపలికి రానివ్వలేదు. డాక్టరు గారి డ్రైవరు భద్రంగా దాచిపెట్టాడు.

సాయంత్రం

ఆ సాయంత్రం షెడ్డుకి వెళ్ళి సాహూజీకి మొత్తం చెప్పాను. క్లిప్పుల దగ్గర అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. ఆయన, చూడకపోవడం గురించి నేనేమీ అనను, ఎండలో నేనూ చూసేవాణ్ణి కాదేమో, కానీ ఒక్కటి మిగిలిందని ఎందుకు చెప్పలేదు అని అడిగాడు. మిగిలిందని చెబితే నేనే విప్పేవాణ్ణి కదా అన్నాడు.

తిట్లకి భయపడ్డానని చెప్పవచ్చు. కానీ ఆ క్షణంలో నాకు భయం గుర్తులేదు. ఆ మాట నోట్లోంచి చాలా సులువుగా వచ్చింది, అదే గుర్తుంది. అందుకే మీకు చెప్పేది. చూడనిదాన్ని చూడలేదనండి. మిస్త్రీకి అన్నీ చూడడం కుదరదు. ఎక్కడిదాకా చూశాడో చెప్పడం కుదురుతుంది.

ఆయన వేసిన శిక్ష రెండు భాగాలు. మొదటిది, హైదరాబాద్ దుకాణం పెద్దాయనకి షెడ్డంతా వినేలా స్పీకర్ పెట్టి ఫోను చేసి, మీ మాలు మంచిదే, తప్పు నాది అని చెప్పడం. చెప్పాను. ఆయన, ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఇలాంటి ఫోను రావడం ఇదే మొదలు, నిజంగా ఇంకేం కావాలో చెప్పండి అన్నాడు. ఏమీ వద్దంటే చివరిదాకా నమ్మలేదు.

రెండోది ఎక్కువ కాలం నడిచింది. షెడ్డులో కొత్తగా ఎవరు చేరినా, మొదటి రోజు ఈ కథంతా నేనే చెప్పాలి. ఎలుక దగ్గర అందరూ నవ్వేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ నేను ఎలుకని పెంచుకుంటూ, నా అబద్ధాన్ని చిన్నది చేసుకుంటూ వచ్చాను. ఒకసారి, ఆ గొట్టం చూడ్డం కుదరలేదు అని చెప్పాను. గేటు దగ్గరనుంచి సాహూజీ, వెనక్కి తిరగకుండానే, చూడలేదు, చూశానన్నాడు అని దిద్దాడు.

నర్సయ్య కారు మార్చలేదు. మళ్ళీ ఎప్పుడు ఏ రిపేరు వచ్చినా మా దగ్గరికే తెచ్చాడు. ఎందుకని నేను అడగలేదు. ఒకసారి తనే అన్నాడు, నాకా కాడ నువ్వు తప్పు నాది అన్నవ్ కదా అని.

సాహూజీ షెడ్డు అప్పగించి ఇప్పుడు దుర్గ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇది రాయడం పూర్తయ్యాక ఫోను చేసి చెప్పాను. అన్నీ చూశానన్నావే, ఆ మాట రాశావా అని అడిగాడు. రాశానన్నాను. తెలుగులో రాస్తే నాకెలా తెలుస్తుంది, చదివి హిందీలో చెప్పు అన్నాడు. ఆ పేజీ చదివి చెప్పాను. ఆ ఒక్క వాక్యం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"నేనూ ఒకసారి అన్నాను ఆ మాట" అన్నాడు. "జగదల్‌పూర్‌లో, చిన్నప్పుడు, పని నేర్చుకునే రోజుల్లో. ఒక బస్సు బ్రేకుల గురించి."

"ఏమైంది ఉస్తాద్?"

అన్నం చల్లారిపోతోందని చెప్పి ఫోను పెట్టేశాడు.